లిల్లీ మీద పడ్డ నింద

పోయినవారం కెజియాని బుల్లిరాజు వ్యాన్‌లో, పెదపాడు దారిలో, కళ్ళు తుడుచుకుంటూ కూర్చుని ఉండగా వదిలేశాం. అసలెందుకు వెళ్తోందో గుర్తులేనివాళ్ళకి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. తాడేపల్లిగూడెంలో పెళ్ళిళ్ళకీ ఊరేగింపులకీ గుర్రాలు పెట్టే వరదానం పోయాక, ఆయన కొట్టంలో మిగిలింది లిల్లీ అనే ఆడగుర్రం ఒక్కటే. దాని కడుపున ఒక పిల్ల పడితే నాన్న పెంచిన జాతి నిలుస్తుందని కూతురు కెజియా ఆశ. అందుకని శివరాత్రి వెళ్ళాక లిల్లీని పెదపాడులో చేపల చెరువుల జగ్గారావుగారి దగ్గర ఉంచింది. ఆయన మగగుర్రం చక్రి అంటే చుట్టుపక్కల పెద్ద పేరు. మొదటిసారి దాటిస్తే చూలు నిలవలేదు. రెండోసారి దాటించిన మర్నాడే జగ్గారావుగారి సొంత ఆడగుర్రం తారకి తెల్లటి చీము కనబడింది. ఆయన ఆలోచించలేదు, ఎవర్నీ అడగలేదు. గుర్రాలున్నవాళ్ళంతా ఉండే వాట్సాప్ గ్రూపులో "వరదానం గుర్రం మా కొట్టంలోకి రోగం మోసుకొచ్చింది, అందరూ జాగ్రత్త" అని గొంతు రికార్డు చేసి మరీ పెట్టేశారు. ఆ రోజే ఏలూరు నుంచి డాక్టర్ ఇందుజ వచ్చి, చక్రి ఒంటి మీంచీ, జగ్గారావుగారి ఆడగుర్రాలు తార, గౌరిల లోపల్నించీ దూదిపుల్లలతో తడి తీసి ల్యాబ్‌కి పంపించింది. లిల్లీని మాత్రం ముట్టుకోలేదు. రెండు వారాలు గడిచాయి. నిన్న జగ్గారావుగారు ఫోన్ చేసి, నీ గుర్రాన్ని నువ్వు తోలుకుపో అమ్మాయ్ అనేశారు.

బుల్లిరాజు వ్యాన్ చెరువుగట్టు మీంచి మెల్లగా దిగి గేటు ముందు ఆగింది. ఎండలు ముదిరి కొల్లేటి వైపు నుంచి వేడిగాలి కొడుతోంది. గేటు లోపల నేలమీద ఊదారంగు నీళ్ళతో వెడల్పాటి సిమెంటు తొట్టి ఒకటుంది. అందులో కాళ్ళు ముంచకుండా ఆ ఆవరణలో ఎవరూ అడుగుపెట్టకూడదు. కలెక్టరు వచ్చినా అంతే, కొత్తల్లుడు వచ్చినా అంతే.

"ఇంకెన్నిసార్లు ముంచాలండీ బాబూ ఈ కాళ్ళు!" అన్నాడు బుల్లిరాజు పంట్లాం మడుచుకుంటూ. "పోయినసారి రంగే ఇంకా వదల్లేదు. ఎక్కడ పారాణి పెట్టించుకొచ్చావని మా ఆవిడ ఒకటే సతాయింపు."

ఇంకో రోజైతే కెజియా నవ్వేది. ఇవాళ ఆమె చూపంతా కొట్టం చివర కట్టేసి ఉన్న లిల్లీ మీదే ఉంది. మిగతా గుర్రాలకి దూరంగా, రేకుల కింద, ఒక్కదాన్నే కట్టేశారు. దాని ముందు బకెట్టు కూడా వేరే. అంటురోగం ఉన్న మనిషిని దూరం పెట్టినట్టు పెట్టారు. లిల్లీ మాత్రం కెజియా వాసన పట్టేసి చెవులు నిక్కించి, ముందుకాలితో నేల గీరడం మొదలుపెట్టింది.

జగ్గారావుగారు చెడ్డమనిషి కాదు. ఆ మాట ముందే అనేసుకుంటే ఈ వారం భాగం చదవడం తేలికవుతుంది. ఆయనకున్నదల్లా శుభ్రం జబ్బు. చాలా ఏళ్ళ కిందట ఒకనాడు తెల్లారేసరికి ఆయన చెరువు చెరువంతా చచ్చిన చేపలు తేలాయి. అదిగో, ఆ రోజు నుంచి ఆయనకి మందు మీద తప్ప మనుషుల మీద నమ్మకం లేదు. నీళ్ళలో మందు, వలల మీద మందు, పడవకి మందు. ఇంట్లో ఆయన భార్య సత్యవతిగారు కూరగాయలు కడుక్కుంటుంటే వెనక నుంచి వచ్చి అందులోనూ చుక్క వెయ్యబోతే, ఆవిడ గరిటె పుచ్చుకుని తరిమారని ఊళ్ళో చెప్పుకుంటారు.

"వచ్చావా అమ్మాయ్," అన్నారు జగ్గారావుగారు మెట్ల మీంచి దిగుతూ. "వ్యాన్‌లో గడ్డి మెత్తగా పరిచారా? జాగ్రత్తగా ఎక్కించుకో. దాని మీద నాకేం కోపం లేదు, నోరులేని జీవం."

"కోపం లేకపోతే గ్రూపులో అలా ఎందుకు పెట్టారండీ, జగ్గారావుగారూ?"

చిన్నప్పట్నించీ 'బాబాయిగారూ' అని తప్ప ఇంకోలా పిలవని పిల్ల. ఆ మార్పు ఆయన చెవిలో ఎక్కడో గుచ్చుకుంది. అయినా తగ్గలేదు.

"ఉన్నమాట చెప్పాను. నా గుర్రం పాడైపోతుంటే నోరు మూసుకుని ఎలా కూర్చుంటాను? మీ నాన్న ఉన్నా ఇదే మాట మొహమ్మీదే అనేవాణ్ణి."

"మా నాన్న ఉంటే అనేవారు కాదండీ." కెజియాకి కోపమొస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. "ముందు ఆయన్నడిగేవారు. మీరన్న మాటకి ఏమైందో తెలుసా అండీ? ఉంగుటూరులో ఒకరు మగగుర్రం ఉందన్నారు, భీమడోలులో ఇంకొకరు ఉందన్నారు. ఇప్పుడు ఇద్దరూ ఫోనెత్తట్లేదు. లిల్లీని ఎవరూ గడప తొక్కనివ్వరిక. దానికి పిల్ల పుట్టే దారి మీరు మూసేశారు. అది పోతే మా నాన్న కష్టమంతా దానితోనే పోయినట్టు."

జగ్గారావుగారు ఏదో అనబోయి సత్యవతిగారి వైపు చూశారు. ఆవిడ మజ్జిగ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయారు.

"ముందు మజ్జిగ తాగమ్మా. ఆయన మాటకేం గానీ," అన్నారావిడ. "ఏవండీ, డాక్టరుగారు వస్తానన్నారు కదా, ఆవిడ వచ్చేదాకా ఆగలేకపోయారా?"

"ఆవిడ ఏం చెప్తుందో నాకు తెలీదేంటి? అన్ని గుర్రాలకీ పరీక్ష చేసి దీన్నొక్కదాన్నీ ఎందుకు వదిలేసింది? వరదానం కూతురి మొహం చూసి మొహమాటపడింది, అంతే."

"మొహమాటం నాకు లేదండీ," అంది వెనక నుంచి ఒక గొంతు.

డాక్టర్ ఇందుజ కారు ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు. సన్నగా, పొట్టిగా, రబ్బరు బూట్లు వేసుకుని, చేతిలో స్కానింగ్ పెట్టెతో ఊదారంగు తొట్టి ముందు నిలబడి ఉంది. బూట్లు ముంచలేదు. తొట్టి వంకే చూస్తోంది.

"ఇదేం కలిపారండీ?"

"పర్మాంగనేట్ అండీ. చెరువులకి వాడేదే."

"గుర్రాలక్కూడా ఇదేనా?"

"గుర్రాలకి ఇంకా మంచిది వాడతానండీ," అన్నారు జగ్గారావుగారు, కాస్త గర్వంగానే. ఆ గర్వం ఆయనకి ఇంకో పావుగంట మాత్రమే ఉంటుందని పాపం ఆయనకేం తెలుసు.

ఇందుజ బూట్లు ముంచి లోపలికొచ్చింది. మజ్జిగ వద్దనకుండా గటగటా తాగేసి గ్లాసు సత్యవతిగారి చేతికిచ్చింది.

"ల్యాబ్‌వాళ్ళు చెప్పేశారు. మీ గౌరి లోపలా, తార లోపలా ఒకటే బాక్టీరియా దొరికింది. సూడోమోనాస్ అంటారు. తడి ఉన్నచోటల్లా బతుకుతుంది, ట్యాంకులో, పైపులో, బకెట్టు అడుగున. గర్భసంచిలో చేరితే చూలు నిలవనివ్వదు."

"చూశావా!" జగ్గారావుగారు కెజియా వైపు తిరిగారు. "నేనన్నానా లేదా?"

కెజియాకి ఇన్నాళ్ళూ లోపల్లోపల ఉన్న భయం అదే. నిజంగానే లిల్లీ తెచ్చిందేమో అని. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు.

"ఆగండి, ఇంకా అవలేదు," అంది ఇందుజ. "అదే బాక్టీరియా చక్రి ఒంటి మీద కూడా ఉంది."

"ఉండదా మరి? లిల్లీ అంటించింది కాబట్టే ఉంది."

ఈ మాట విన్నప్పుడు బుల్లిరాజు కూడా తల ఊపాడు. నిజమే మరి, ఆ లెక్కా కాదనడానికి లేదు. ఎవరు ఎవరికి అంటించారో దూదిపుల్ల చెప్పదు కదా.

ఇందుజ మాత్రం తొణకలేదు. "సరే. గౌరికి చీము ఎప్పుడు మొదలైందండీ?"

"తారకి ఇప్పుడే కదా కనబడింది, రెండు వారాల కిందట. గౌరికి అంతకు ముందేదో..." జగ్గారావుగారు నీళ్ళు నమిలారు. "కాస్త తడిగా ఉండేది. అదీ చీమేనా అండీ?"

"అదెప్పుడు?"

ఆయన ఆకాశం వంక చూశారు. అక్కడ గూడబాతుల గుంపు ఒకటి తాపీగా చెరువుల మీదికి వస్తోంది.

"కార్తీక మాసం వెళ్ళిన కొత్తల్లోనండీ," అన్నారు సత్యవతిగారు. "నాకెందుకు గుర్తులేదు? పాత తువ్వాలు చించి నేనే కదా తుడిచాను. ఆ తడి ఆరుతుందని ఈయన మందు కూడా ఇచ్చారు."

కార్తీకం. లిల్లీ ఈ ఊరి మొహం చూసింది శివరాత్రి వెళ్ళాక. ఎవరూ వేళ్ళు మడిచి చూసుకోవలసిన అవసరం లేకపోయింది. కెజియా చెయ్యి తనకి తెలియకుండానే నోటి మీదికి వెళ్ళింది. గుండెల మీంచి ఎవరో పెద్ద బస్తా దింపినట్టయింది. లిల్లీ కాదు. లిల్లీ రాకముందే ఉంది. దేవా, లిల్లీ కాదు.

"అయ్యబాబోయ్," అన్నాడు బుల్లిరాజు, అక్కడున్న అందరి తరఫునా.

జగ్గారావుగారి మొహంలో నెత్తుటి చుక్క లేదు. "మరైతే ఎక్కణ్ణించి వచ్చిందండీ? నా కొట్టంలో ఈగ వాలదు. చక్రిని నేను చూసుకున్నట్టు కన్నబిడ్డని కూడా ఎవరూ చూసుకోరు."

"అదే చూద్దామని వచ్చాను. చక్రిని రోజూ ఎలా చూసుకుంటారో ఒకసారి చేసి చూపిస్తారా?"

ఆ మాటకి ఆయనలో మళ్ళీ కొంచెం ప్రాణం వచ్చింది. నల్లగా నిగనిగలాడుతున్న చక్రిని బయటికి తీసుకొచ్చారు. మూలనున్న ప్లాస్టిక్ డ్రమ్ములోంచి బకెట్టుతో నీళ్ళు ముంచారు. అందులో చెరువులకి కొట్టే శానిటైజర్ డబ్బా వంచి, నురగ వచ్చేదాకా కలిపారు. తర్వాత పొత్తికడుపు కిందా, తొడల మధ్యా, మర్మాంగమంతా ఆ నురగతో రుద్ది రుద్ది ఎలా కడుగుతారో అభినయించి మరీ చూపించారు. ఆడగుర్రం దగ్గరికి వదిలే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి, మామూలు రోజుల్లో పొద్దునా సాయంత్రం.

"ఇంత శుభ్రం మీరు ఎక్కడా చూసి ఉండరు," అన్నారు రొప్పుతూ.

"చూళ్ళేదండీ," అంది ఇందుజ నిజాయితీగా. డ్రమ్ము దగ్గరికి వెళ్ళి లోపలి గోడ మీద వేలు రాసింది. జిగటగా పాచి అంటుకొచ్చింది. దాన్ని గడ్డికి తుడిచేసి వచ్చి, చేపల మేత బస్తా మీద కూర్చుంది. "జగ్గారావుగారూ, నాకు చెరువుల సంగతి తెలీదు. ఒక మాట చెప్పండి. నీళ్ళలో రోగం కనబడితే ఏం చేస్తారు?"

"శానిటైజర్ కొట్టిస్తాం."

"కొట్టించి ఊరుకుంటారా?"

"ఎలా ఊరుకుంటామండీ?" చేపల మాట వస్తే ఆయన గొంతు వేరు. చెయ్యి ఊపుతూ మొదలుపెట్టారు. "ఆ మందు చెడ్డవాటితోపాటు మంచి బాక్టీరియాని కూడా ఊడ్చేస్తుంది కదా. అందుకని రెండుమూడు రోజులాగి ప్రోబయోటిక్ వెయ్యాలి. మంచివి మళ్ళీ నిండాలి. అది తెలీకే కుర్రాళ్ళు కొందరు ఊరికే మందు మీద మందు కొట్టేస్తున్నారు. అప్పుడేమవుద్దంటే, నీళ్ళు ఖాళీ అయిపోతాయి. ఖాళీ చోటు దొరికింది కదా అని ఏ మందుకీ లొంగని మొండి క్రిమి వచ్చి తిష్ఠ వేస్తుంది. ఇక ఆ చెరువు..."

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

చక్రి ఒకసారి తల విదిల్చి, తోక ఊపుకుంది.

"ఒంటి మీద కూడా అంతేనా అండీ?" అన్నారు చివరికి, నూతిలోంచి వచ్చినట్టున్న గొంతుతో.

"అంతేనండీ. మగగుర్రానికి అక్కడ బోలెడు బాక్టీరియా ఉంటుంది. అవి ఎవరికీ హాని చెయ్యవు, చెడ్డదాన్ని చేరనివ్వవు. మీరు రోజూ వాటిని కడిగేశారు. ఖాళీ అయిన చోట, ఈ డ్రమ్ము నీళ్ళలో ఉన్నది వచ్చి కూర్చుంది. దానికి మీ శానిటైజర్ ఒక లెక్క కాదు. చక్రికి జ్వరం రాదు, మేత మానదు, పైకి ఏమీ తెలీదు. దాటించినప్పుడల్లా ఆడగుర్రానికి ఇచ్చి వస్తుంది."

"రోజుకి రెండుసార్లండీ," అన్నారు సత్యవతిగారు మెల్లగా, ఎవరూ అడక్కపోయినా. "చలికాలంలో వేన్నీళ్ళు పెట్టించి మరీ."

"నువ్వుండు సత్యం," అని జగ్గారావుగారు మేత బస్తాల పక్కనే కూలబడ్డారు. అంత మనిషి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అయితే నా చక్రి పని అయిపోయినట్టేనా డాక్టరుగారూ? విత్తులు కోయించెయ్యాలా దానికి?"

ఇందుజ నవ్వేసింది. ఆ నవ్వుతో కొట్టంలో సగం బరువు దిగిపోయింది.

"ఎందుకండీ కోయించడం? ముందు ఆ డబ్బా తీసుకెళ్ళి చెరువు షెడ్డులో పెట్టండి. డ్రమ్ము పారెయ్యండి. ఆ బాక్టీరియా మీద పనిచేసే ఆయింట్‌మెంట్ ఏదో ల్యాబ్‌వాళ్ళే చెప్పారు. కొన్నాళ్ళు అది రాద్దాం. ఆ తర్వాత ఏమీ రాయొద్దు, ఏమీ కడగొద్దు. మంచివి వాటంతటవే వస్తాయి. మళ్ళీ పరీక్షలు చేసి, వరసగా బాగున్నాయంటేనే ఆడగుర్రం దగ్గరికి వదలండి. గౌరికీ తారకీ గర్భసంచి కడిగి మందు ఎక్కిస్తాను, అవి కూడా బాగుపడతాయి. మీరు చెయ్యాల్సిన కష్టమల్లా ఏమీ చెయ్యకుండా కూర్చోవడం."

"అదే కష్టమండీ ఈయనకి," అన్నారు సత్యవతిగారు. చెప్తూనే ఆవిడ కూడా నవ్వేశారు. జగ్గారావుగారు పైకండువాతో మొహమంతా తుడుచుకుని, లేచి, చక్రి మెడ పట్టుకుని దాని చెవిలో ఏదో చెప్పుకున్నారు. క్షమాపణే అయ్యుంటుంది.

అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి. నవ్వనిది కెజియా ఒక్కతే.

"చక్రి గురించి చెప్పారు, గౌరి గురించి, తార గురించి చెప్పారు. సంతోషమండీ," అంది. "మరి లిల్లీ పేరు ఎవరు కడుగుతారు?"

జగ్గారావుగారు తలొంచుకున్నారు. తర్వాత జేబులోంచి ఫోన్ తీశారు. గ్రూపు తెరిచి, మైకు గుర్తు నొక్కిపట్టి గొంతు సవరించుకున్నారు.

"అందరికీ నమస్కారమండీ. పెదపాడు జగ్గారావునండీ. ఎండలు బాగా ఎక్కువగా ఉన్నాయి, గుర్రాలకి మధ్యాహ్నం పూట నీళ్ళు..."

"ఏవండీ!" అన్నారు సత్యవతిగారు.

అది చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి కళ్ళు మూసుకున్నారు. "పెదపాడు జగ్గారావునండీ. వరదానంగారి గుర్రం రోగం తెచ్చిందని ఇందులోనే అన్నాను. తప్పన్నాను. రోగం నా చక్రి దగ్గరుంది. అది రావడానికి కారణం నేనే. మందు పెట్టి కడిగి కడిగి తెచ్చాను. లిల్లీకి ఏ పాపమూ తెలీదు. ఈ ఏడాదిగా చక్రి దగ్గరికి మీ గుర్రాల్ని తెచ్చినవాళ్ళు డాక్టరుకి చూపించుకోండి, ఆ ఖర్చు నాది. వరదానం నా స్నేహితుడు. ఆయన కూతురికి మీ అందరి ముందూ క్షమాపణ చెప్పుకుంటున్నాను." వేలు తీసేశారు. టుయ్ మని చప్పుడు చేసి ఆ మాట వెళ్ళిపోయింది. ఇక వెనక్కి తీసుకోవాలన్నా రాదు.

కెజియాకి అప్పుడు ఏడుపొచ్చింది. గేటు దాటినప్పట్నించీ ఆపుకున్నదంతా ఒక్కసారే వచ్చింది. సత్యవతిగారు దగ్గరికి తీసుకుని వీపు నిమిరారు.

"చాలండీ బాబాయిగారూ," అంది ముక్కు తుడుచుకుంటూ. "ఇక నేను లిల్లీని తీసుకెళ్తాను."

"అప్పుడే ఎక్కడికి?" అంది ఇందుజ, భుజం దాకా వచ్చే ప్లాస్టిక్ గ్లవ్ తొడుక్కుంటూ. "దాన్నెందుకు ముట్టుకోలేదో ఇప్పుడు చెప్తాను. నేను వచ్చేసరికి ముందురోజే దాటించారు. చూలు నిలిచే గుర్రం లోపల దూదిపుల్ల పెడితే, నిలిచేదీ పోతుంది. అందుకే వదిలేశాను. ఇవాళ చూడాల్సిన రోజు. బుల్లిరాజుగారూ, దాన్ని కదలకుండా నిలబెట్టే ఆ ఇనప పైపుల మధ్యకి తీసుకొచ్చి తోక పక్కకి పట్టుకోండి."

"ఆయ్," అని బుల్లిరాజు పరిగెత్తాడు.

చూలు నిలుస్తుందన్న ఆశ ఎవరికీ లేదు. కెజియాకి అసలే లేదు. చక్రి సంగతి ఇప్పుడే విన్నది కదా. లిల్లీ మెడ దగ్గర నిలబడి నుదురు దాని నుదుటికి ఆనించింది. ఇందుజ లోపలున్న లద్దె తీసేసి, స్కానింగ్ మొన పట్టుకున్న చెయ్యి మెల్లగా లోపలికి పోనిచ్చింది. పెట్టె మీది చిన్న తెరలో బూడిదరంగు మబ్బుల్లాంటివి కదిలాయి.

"నీరు లేదు. చీము లేదు," అంది తనలో తనే. "గర్భసంచి గట్టిది. కొన్ని ఆడగుర్రాలంతే, లోపలికి వచ్చిన చెత్తనంతా వాటంతటవే బయటికి తోసేస్తాయి. మొదటిసారి వచ్చింది తోసేసినట్టుంది. ఇక..." ఆగింది. మబ్బుల మధ్య ఉసిరికాయంత నల్లటి గుండ్రని మచ్చ ఒకటి నిలబడింది. "కెజియాగారూ, ఇటు చూడండి. చూలు నిలిచింది."

అప్పుడు ఆ కొట్టంలో లేచిన గోల గురించి నేనేం చెప్పను. బుల్లిరాజు తోక వదిలేసి చప్పట్లు కొట్టాడు, మొహం మీద తోక దెబ్బ తిని మళ్ళీ పట్టుకున్నాడు. సత్యవతిగారు పంచదార డబ్బా కోసం ఇంట్లోకి ఒకటే పరుగు. జగ్గారావుగారైతే ఊదారంగు తొట్టి కూడా చూసుకోకుండా తొక్కేసుకుంటూ గేటు దాకా వెళ్ళి, ఎవరూ లేని చెరువుగట్టు వైపు "నిలిచిందండోయ్!" అని ఒక కేక పెట్టి వచ్చారు. కెజియా నవ్వుతూ ఏడుస్తూ లిల్లీ చెంపని ముద్దు పెట్టుకుంది. నాన్నా, నిలిచింది నాన్నా అనుకుంది. ఆ తెలుపూ, ఆ నుదుటి సుడీ, ఆ నడకా ఈ లోకంలో ఇంకో తరం ఉంటాయి.

ఇందుజ చెయ్యి మాత్రం బయటికి రాలేదు. ఇంకా కదుపుతూనే ఉంది. నల్లమచ్చని ఆనుకుని, దాని పక్కనే, అంతే గుండ్రంగా ఇంకొకటి తెర మీదికి వచ్చింది.

"కవలలు!" జగ్గారావుగారు గట్టిగా అరిచేశారు. "సత్యం, ఇద్దరు! పంచదార ఎక్కువ పట్రా!"

ఇందుజ నవ్వలేదు. ఆమె మొహం చూసి కెజియా నవ్వు కూడా ఆగిపోయింది.

"మనుషుల్లోలాగ కాదండీ," అంది ఇందుజ. "గుర్రం కడుపులో ఇద్దరికి చోటు సరిపోదు. రెండూ ఉంచితే నెలలు నిండకుండానే రెండూ పోతాయి. ఒక్కోసారి తల్లి కూడా. ఇవాళే ఒకదాన్ని నొక్కి తీసెయ్యాలి. ఒకట్రెండు రోజుల్లో ఇవి కదలకుండా అతుక్కుపోతాయి, అప్పుడు చేసినా ఫలితం తక్కువ."

"తీసెయ్యడమా?" సత్యవతిగారి చేతిలో డబ్బా అలాగే ఉండిపోయింది. "దేవుడిచ్చినదాన్ని..."

"రెండూ అంటుకునే ఉన్నాయి. విడదీసి ఒకదాన్ని పక్కకి జరిపి నొక్కాలి. జాగ్రత్తగానే చేస్తాను. చాలాసార్లు రెండోది నిలుస్తుంది. నిలవకపోవచ్చు కూడా. ఆ మాట ముందే చెప్పాలి మీకు."

జగ్గారావుగారు ఒకడుగు వెనక్కి వేశారు. ఈ విషయంలో మాట్లాడే హక్కు తనకి లేదని ఆయనకే తోచినట్టుంది. అందరి కళ్ళూ కెజియా వైపు తిరిగాయి.

కెజియాకి చిన్నప్పటి ఒక తెల్లవారుజాము గుర్తొచ్చింది. లిల్లీ పుట్టకముందు దాని తల్లికి ఒకసారి నెలలు నిండకుండానే కడుపు పోయింది. నాన్న కాలవగట్టున గొయ్యి తవ్వి రెండు చిన్న చిన్న మూటలు పూడ్చిపెట్టాడు. ఎందుకిలా అయిందో ఆయనకి చెప్పేవాళ్ళు లేరు. తన చేతులో ఏదో తప్పుందనుకుని ఆదివారం గుడికి కూడా రాకుండా ఇంట్లోనే కూర్చున్నాడు. రెండు మూటలు. ఇప్పుడు తెలిసింది ఎందుకో.

"చెయ్యండి డాక్టరుగారూ," అంది. "ఒకదాన్ని నిలబెట్టండి."

ఇందుజ పెదవి బిగించింది. తెర మీది రెండు మచ్చలూ కదిలాయి, సాగాయి, మెల్లగా దూరం జరిగాయి. కెజియా ఇక చూడలేకపోయింది. కళ్ళు గట్టిగా మూసుకుని లిల్లీ జూలు పిడికిట పట్టుకుంది. పెదాలు మాత్రం ప్రార్థనలో కదులుతున్నాయి. లిల్లీ ఒక్కసారి ఒళ్ళు బిగించి, బుస్సుమని ఊపిరి వదిలింది. బుల్లిరాజు "స్వామీ" అన్నాడు. చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్ల చప్పుడు వినబడుతోంది. డాక్టరు చెయ్యి ఇంకా లోపలే ఉంది, రెండోదాన్ని వెతుక్కుంటోంది.

"కెజియా," అంది ఇందుజ. మొదటిసారి ఆ 'గారూ' లేకుండా పిలిచింది. "కళ్ళు తెరువమ్మా. చూడు."